గుమ్మం అల, అన్నయ్య కిటికీ

మా వదిన ఫోటోగ్రాఫరు. గొప్పగా ఊహించుకోకండి, పాస్‌పోర్టు సైజు ఫోటోగ్రాఫరు. ఇరవై ఆరేళ్ళుగా సముద్రానికి ఎదురుగా ఉన్న ఇరుకు గదిలో, తెల్ల తెర ముందు స్టూలు మీద జనాన్ని కూర్చోబెట్టి, "గడ్డం కాస్త దించండి, నవ్వకండి, కళ్ళు ఆర్పకండి" అంటూ ఉంటుంది. మా వీధిలో సగం మంది గుర్తింపు కార్డుల్లో జేబుదొంగల్లా కనిపించడం ఆవిడ చలవే. ఈ మాట ఆవిడ ముఖం మీదే అంటాను. ఆడపడుచుని, నేను అనకపోతే ఇంకెవరంటారు?

అదే మనిషి సెలవు రోజు వస్తే చాలు, ఒంటికి నల్ల రబ్బరు సూటు తొడుక్కుని, కాళ్ళకి రబ్బరు రెక్కలు తగిలించుకుని, నీళ్ళు దూరని పెట్టెలో కెమెరా పెట్టుకుని సముద్రంలోకి ఈదుకుంటూ పోతుంది. యాభై రెండేళ్ళ వయసులో! ఒడ్డున నిలబడి అలని తీస్తే ఆవిడ దృష్టిలో అది ఫోటోయే కాదు. అల లోపల ఉండి తీయాలి.

మా ఇంట్లో ఉండేది ముగ్గురం. అన్నయ్య పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. నేను కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు సానపట్టి, తుడిచి, ఫ్రేముల్లో బిగిస్తాను. పెళ్ళి వద్దనుకున్నాను, అన్నయ్యా వదినల మీద పెత్తనం చేసుకుంటే చాలనుకున్నాను. అద్దం మీద వేలిముద్ర కనిపిస్తే నాకు అన్నం సహించదు. ఈ జబ్బు ఎంత పని చేసిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఒడ్డుకి కొంచెం దూరంలో నీళ్ళ అడుగున ఒక రాతి తిన్నె ఉండేది. పెద్ద అల దాని మీదికి రాగానే లేచి నిలబడేది. పై అంచు ముందుకి వంగి, లోపల గుహలాంటి ఖాళీ ఏర్పడేది. పడవల వాళ్ళు ఆ అలని గుమ్మం అనేవారు. రెండంటే రెండు క్షణాలు తెరుచుకుని, తర్వాత నెత్తిన కూలేది. మా ఒడ్డు కొడవలిలా వంకర తిరిగి ఉండటంతో ఆ ఖాళీ సరిగ్గా మా వీధి వైపే నోరు తెరిచేది.

దాని మీద అన్నయ్య ఒక కథ చెప్పేవాడు. కుర్రతనంలో తను గుమ్మంలోకి ఈదుకుంటూ వెళ్ళాడట. లోపలి నుంచి చూస్తే మన వీధంతా గుండ్రటి కిటికీలో కనిపించిందట. మా మేడ మీద ఆరేసిన దుప్పటి కూడా కనిపించిందట. కొత్తగా పరిచయమైన ప్రతివాడికీ ఈ కథ వినిపించందే వదిలేవాడు కాదు. ఆ తర్వాత కర్ణభేరి దెబ్బతిందనీ, డాక్టరు నీళ్ళలో దిగొద్దన్నాడనీ చెప్పి, మోకాలి లోతు కూడా దిగేవాడు కాదు. ఆయన పనిచేసే పడవల షెడ్డులో అందరూ అన్నయ్యకి కిటికీ మేస్త్రీ అని పేరు పెట్టేశారు.

పదకొండేళ్ళ కిందట ఒకరోజు షెడ్డులో అందరం టీ తాగుతున్నాం. పడవలు నడిపి నడిపి పండిపోయిన ముసలి సరంగు ఒకాయన, "ఏమయ్యా కిటికీ మేస్త్రీ, ఆ కిటికీకి కర్టెన్లు కుట్టించావా?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. అన్నయ్య కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడిపోయాయి. వదిన చేతిలో గ్లాసు కింద పెట్టింది.

"నేను ఫోటో తీసి తెస్తాను. అప్పుడు నవ్వుదురు గాని" అంది.

అప్పటికి ఆవిడకి ఈతే రాదు. నలభై ఒకటో ఏట, ఏడెనిమిదేళ్ళ పిల్లలతో కలిసి ఈతకొలనులో చేరింది. పిల్లలు నెలలో చేపలైపోయారు. ఈవిడ మాత్రం ఆరు నెలలు గట్టు పట్టుకుని కాళ్ళు కొట్టుకుంది. రెండో ఏడు సముద్రంలో దిగింది. మూడో ఏడు అల కొట్టిన దెబ్బకి ముందు పన్ను సగం విరిగింది. ఆ తర్వాత ఒకసారి భుజం జారింది. "ఇంక చాలు వదినా" అని నేను చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. విన్నది లేదు. పొద్దున్నే వేడినీళ్ళతో భుజానికి కాపడం పెట్టుకుని, స్టూడియో తెరిచి, అదే చేత్తో జనం గడ్డాలు దించుతూ కూర్చుంది.

కెమెరా పెట్టె అన్నయ్యే చేసిచ్చాడు. అల్యూమినియం రేకు, ముందు మందపాటి అద్దం, చుట్టూ రబ్బరు రింగులు. లోపల పొడి కాగితం ముక్క పెట్టి డ్రమ్ములో ముంచి, చెమ్మ తగిలిందేమోనని గంటకోసారి తీసి చూసేవాడు. అంత శ్రద్ధగా చేసేవాడు కానీ, వదిన నీళ్ళలో దిగే వేళకి మాత్రం ఏదో ఒక పని కల్పించుకుని షెడ్డుకి పోయేవాడు. నాకు ఒళ్ళు మండేది.

ఏడేళ్ళ కిందట వదిన మొదటిసారి గుమ్మం లోపలిదాకా వెళ్ళి బయటపడింది. "చూశాను" అంది. ఫోటోలో మాత్రం నురగ తప్ప ఏమీ లేదు. "మొగుడికి తగ్గ పెళ్ళాం" అన్నాడు సరంగు. ఇప్పుడు అన్నయ్య మాటతో పాటు ఆవిడ మాట కూడా నవ్వులపాలైంది. తర్వాత వెళ్ళిన ప్రతిసారీ నురగో, ఆకాశమో, లేకపోతే ఆవిడ కాలి బొటనవేలో వచ్చేది. బొటనవేలి ఫోటోలు మా ఇంట్లో బోలెడు.

ఇంతలో రేవుకి అడ్డుగోడ కట్టడం మొదలుపెట్టారు. దాన్ని వద్దనడానికి మాకు నోరు రాదు. గోడ లేకే కదా, గాలివానల్లో పడవలు రాళ్ళకి కొట్టుకుని ముక్కలయ్యేవి. గోడ కావాలని పెట్టిన అర్జీ మీద మేం ముగ్గురమూ సంతకాలు పెట్టాం. లారీలు రోజూ రాళ్ళు తెచ్చి నీళ్ళలో కుమ్మరిస్తుంటే గోడ తిన్నె వైపు పాకుతూ వచ్చింది. ఒకరోజు ఇంజనీరు ఫోటో దిగడానికి స్టూడియోకి వచ్చి, "ఇంకో పదిహేను రోజుల్లో తిన్నె మీద రాళ్ళు పడతాయండీ, ఇక అక్కడ అల లేవదు" అన్నాడు. వదిన ఆయన్ని కూడా గడ్డం దించమంది.

ఆ వారమే మంచి అలల రోజు ఒకటి వచ్చింది. గాలి లేదు, ఎండ ఏటవాలుగా, ఆవిడ కోరుకున్నట్టే ఉంది. నా ఘనకార్యం అప్పుడే జరిగింది.

వదినకి ఒక పద్ధతి ఉంది. నీళ్ళలో దిగేముందు పెట్టె అద్దం మీద ఉమ్మి, నాలుకతో అద్దమంతా రాసి, ముంచి తీస్తుంది. చూసినప్పుడల్లా నేను ముఖం తిప్పుకునేదాన్ని. మా దుకాణంలో ఒక మందు ఉంది, కళ్ళజోడుకి రాస్తే వాన నీళ్ళు అంటుకోకుండా జారిపోతాయి. ఆవిడ పనిలో ఉన్నప్పుడు, మేలు చేస్తున్నాననే అనుకుని, ఆ అద్దాన్ని తళతళలాడేలా తుడిచి, ఆ మందు రెండు పూతలు పూశాను.

ఆ రోజు వదిన నాలుగుసార్లు గుమ్మంలోకి వెళ్ళింది. ఒడ్డుకి వచ్చేటప్పుడు ఆవిడ ముఖం చూసి, దొరికిందనుకున్నాను. స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చున్నాం. ప్రతి ఫోటోలోనూ గుండ్రటి వెలుగు ఉంది. దాని నడిమధ్య పెద్ద పెద్ద నీటిచుక్కలు, పొక్కులు లేచినట్టు. వీధి ఉండాల్సిన చోట చుక్కలు తప్ప ఏమీ లేవు.

"ఉమ్మితే నీళ్ళు పల్చటి పొరలా పరుచుకోవాలి. చుక్కలెందుకు కట్టాయి?" అంది వదిన.

మందు సంగతి చెప్పేశాను. ఆ మందు రాస్తే నీళ్ళు చుక్కలై జారిపోతాయి. కానీ జారడానికి కాస్త సమయం పడుతుంది, గుమ్మంలో ఉన్నవి రెండు క్షణాలు. అద్దాల పనిలోనే తల నెరిసిన నాకు ఆ మాత్రం తట్టలేదు. వదిన తిట్టలేదు. రెండు తగిలించినా బాగుండేది. "ఆ మందు పోవాలంటే ఎలా?" అని మాత్రం అడిగింది. పళ్ళ పేస్టుతో మూడు రోజులు రుద్దాను. వేళ్ళ చర్మం లేచిపోయింది. నాకు తగిన శాస్తే.

తర్వాత వరసగా పది రోజులు సముద్రం చెరువులా పడుకుంది. లారీలు మాత్రం ఆగలేదు. ఆఖరి ఆదివారం పొద్దున్న అలలు లేచాయి. మామూలుగా కాదు, కిటికీ రెక్కలు అదిరేలా లేచాయి. గోడ కొసకీ తిన్నెకీ మధ్య యాభై అడుగులే మిగిలింది. సోమవారం తిన్నె మీద రాళ్ళు పడతాయి. అల కాస్త పక్కకి విసిరితే మనిషి వెళ్ళి పడేది ఆ రాళ్ళ మీదే.

వదిన ఒడ్డున మెట్ల మీద కూర్చుని ఒక కాలికి రబ్బరు రెక్క తొడిగింది. ఆ రోజు అన్నయ్య షెడ్డుకి పోలేదు. వచ్చి ఆవిడ ఎదురుగా నిలబడ్డాడు.

"వెళ్ళకు" అన్నాడు.

"ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ లేదండీ."

అన్నయ్య నీళ్ళు నమిలాడు. నా వైపు చూశాడు, సముద్రం వైపు చూశాడు. "అది కాదు. నేను... నేనసలు లోపలికి వెళ్ళలేదు. ఏ కిటికీ చూడలేదు. చెవికి ఏమీ కాలేదు. నాకు ఈతే రాదు. అన్నీ కోతలే. ఎప్పుడో ఒకప్పుడు నువ్వే మానేస్తావులే అనుకున్నాను. పదకొండేళ్ళు నోరు విప్పలేకపోయాను. ఆ కోతల కోసం నువ్వు చచ్చిపోతే నేనేం కావాలి?"

నాకు బుర్ర తిరిగిపోయింది. చిన్నప్పుడు నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో ఈత నేర్చుకున్నాడని నమ్మినదాన్ని. ఆ పెట్టెతోనే నెత్తిన ఒకటి వేద్దామనిపించింది. వదిన మాత్రం రెండో రెక్క తొడుక్కుంటూ, తలెత్తకుండానే అంది:

"తెలుసండీ. ఏడేళ్ళ కిందటే తెలిసింది. లోపలి నుంచి మన మేడ కనపడదు, పక్కింటి వాళ్ళ తాతల నాటి నీళ్ళ ట్యాంకు అడ్డం వస్తుంది. దుప్పటి ఎలా కనపడుతుంది?"

"మరి ఎందుకు వెళ్తున్నావు?"

"కిటికీ ఉందండీ. మీరు చూడలేదు గానీ, ఉంది. నేను చూశాను."

వదిన పెట్టె చేతిలోకి తీసుకుని అద్దం మీద ఉమ్మబోయింది. రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. అప్పుడు చూశాను, ఆవిడ పెదవులు వణుకుతున్నాయి. భయం లేని మనిషనుకున్నాను ఇన్నాళ్ళూ.

"నోరు ఎండిపోయింది అమ్మాయ్, నువ్వు ఉమ్ము" అని పెట్టె నా ముందు పెట్టింది.

నేను, వేలిముద్ర చూస్తే ఓర్చుకోలేని నేను, ఆ అద్దం మీద ఉమ్మాను. నాలుకతో ఈ మూల నుంచి ఆ మూలకి రాశాను. పేస్టు వాసన ఇంకా ఉంది.

వదిన వెళ్ళింది. మొదటి అల ఆవిడని తన్ని బయట పడేసింది. రెండోదాని కిందుగా మునిగి తప్పించుకుంది. మూడోది గోడ వైపు తోసుకుపోతే, కాళ్ళు కొట్టుకుంటూ మళ్ళీ తిన్నె దగ్గరికి వచ్చింది. నాలుగోది లేచింది. గుమ్మం తెరుచుకుంది. నల్లటి తల ఒకటి అందులోకి పోవడం చూశాను. కప్పు కూలింది. నురగ తప్ప ఏమీ లేదు. నేను అంకెలు లెక్కపెట్టుకుంటున్నాను, ఇరవై దాటినా తల తేలలేదు. నా కళ్ళజోడంతా తుంపరే, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

ముప్పై నాలుగు దగ్గర తల తేలింది. తర్వాత చెయ్యి, చేతిలో పెట్టె. అన్నయ్యతో చెబుదామని పక్కకి తిరిగితే అక్కడ లేడు. చెప్పులతో సహా నీళ్ళలోకి నడిచిపోయి, ఛాతీ లోతులో, రెండు చేతులూ పైకెత్తి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు దిగాడో ఆయనకే తెలియదు. వదినే వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఒడ్డుకి తీసుకొచ్చింది.

సోమవారం రాళ్ళు పడ్డాయి. ఆ తర్వాత అక్కడ అల లేవలేదు.

ఫోటోని పెద్దది చేయించి, అద్దం కట్టించి స్టూడియోలో తెల్ల తెరకి ఎదురు గోడ మీద పెట్టాం. చుట్టూ ఆకుపచ్చ నీళ్ళ గోడ, మధ్యలో గుండ్రటి వెలుగు. ఆ వెలుగులో మా వీధి, స్టూడియో బోర్డు, పక్కింటి నీళ్ళ ట్యాంకు, మెట్ల మీద చుక్కలా నేను. ఒక్క నీటిచుక్క లేదు.

షెడ్డు వాళ్ళంతా చూడటానికి వచ్చారు. ఒక్కరూ నవ్వలేదు. ముసలి సరంగు కళ్ళజోడు పైకి నెట్టుకుని, ఫోటోకి ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి చూశాడు. తర్వాత అన్నయ్య వైపు తిరిగి, "క్షమించవయ్యా మేస్త్రీ. నువ్వు చెప్పిందంతా నిజమేనన్నమాట" అన్నాడు.

ఆ మాట కోసం అన్నయ్య ఎన్నాళ్ళు కాచుకున్నాడో నాకు తెలుసు. నేను వదిన వైపు చూశాను. ఆవిడ కెమెరా తుడుచుకుంటోంది, తలెత్తలేదు. ఆవిడ చెప్పదు. నేను కూడా చెప్పకూడదని నోరు బిగపట్టుకున్నాను.

అన్నయ్య ఫోటో దగ్గరికి వెళ్ళి, ఒడ్డు పక్కన నీళ్ళలో ఉన్న చిన్న మచ్చ మీద వేలు పెట్టాడు.

"కాదు సరంగూ. లోపలికి వెళ్ళింది మా ఆవిడ. నేను ఎప్పుడూ వెళ్ళలేదు. ఇదిగో, ఇక్కడ నీళ్ళలో నిలబడ్డానే, ఇది నేను. నాకు ఈత రాదు."

ఆయన వేలు తీశాక అద్దం మీద ముద్ర పడింది. ఇప్పటికీ దాన్ని నేను తుడవలేదు.