గడ్డం సగంలో ఉండగా

బ్రిటిష్ మెరైన్ కల్నల్ విల్మట్ గల్ఫ్ యుద్ధంలో ఒక పటాలాన్ని ఒంటరిగా, చాయ్ పోసి లొంగదీసుకున్నాడు. సరే, పటాలం కాదు, పదకొండు మంది; ఒంటరిగానూ కాదు, పక్కన జగిత్యాల వంటమనిషి భోజన్న ఉన్నాడు. ఫిరంగులు మోగుతున్నా సరే, కల్నల్ పొద్దున ఆరింటికి అరమగ్గు నీళ్లతో నిటారుగా నిలబడి గడ్డం గీసుకోవాల్సిందే. ఎదురుగా అద్దం పట్టుకోవడం భోజన్న పని. సౌదీ సరిహద్దు ఊరు ఖఫ్జీ దగ్గర ఒకనాడు కల్నల్ భుజం మీదుగా అతనికి తుపాకులతో వస్తున్న ఇరాకీ సైనికులు కనిపించారు. కల్నల్ పిస్తోలేమో జీపులో ఉంది. "సచ్చినం సార్!" అన్నాడు భోజన్న. కల్నల్ అద్దంలోకి చూసి, వచ్చీరాని హిందీలో "చాయ్ ఉందా?" అన్నాడు. "ఇద్దరికే ఉన్నది సార్." "నీళ్లు కలుపు. తుపాకులు పక్కన పెట్టి వరసలో రమ్మను." భోజన్న తనకొచ్చిన అరబ్బీలో అదే చెప్పాడు. మూడు రోజులుగా తిండి లేని ఆ మనుషులు ముఖాలు చూసుకుని, తుపాకులు ఇసుకలో పేర్చి, బుద్ధిగా వరస కట్టారు. అప్పుడు కల్నల్ రెండో చెంప గీసుకున్నాడు.

ఏడేళ్లకు ఆయన జనరల్ హోదాలో జుబైల్ నగరానికి వస్తే, విందులో వడ్డిస్తున్న భోజన్న సౌదీ అధికారుల ముందు ఈ కథంతా విప్పాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. జనరల్ చెవులు ఎర్రబడ్డాయి. "అంతా అబద్ధం. నేనసలు ఖఫ్జీ వెళ్లలేదు. ఈ మనిషినెప్పుడూ చూడనే లేదు. ఇక చాలు, భోజన్నా!"