దొంగకు మన చొక్కా వేస్తే

మా వదిన యూనివర్సిటీలో కంప్యూటర్లకు దొంగలను పట్టడం నేర్పుతుంది. మంచి ప్రోగ్రాములనూ, వైరస్ దాచుకున్న ప్రోగ్రాములనూ కుప్పలుగా చూపిస్తే, ఏది ఎలాంటిదో యంత్రమే పసిగట్టాలి. చదువుకునే రోజుల్లో ఆమెకు సొంత కంప్యూటరు లేదట. ల్యాబు మూసేస్తారని తాళాలాయనను కబుర్లలో పెట్టి పని ముగించుకునేదట. పీహెచ్‌డీ అయ్యాక కూడా ఏటేటా కాంట్రాక్టు మీదే నెట్టుకొచ్చింది. చివరికి పర్మనెంటు పోస్టు ఒకటి పడింది. అది రాకపోతే కాంట్రాక్టూ ఉండదు, ల్యాబూ ఉండదు.

ఇంటర్వ్యూ ముందురోజు అన్నయ్యకు డ్యూటీ పడింది. వాళ్ల పాపను ఎత్తుకుని నేనూ వదినతో ల్యాబుకు వెళ్లాను. కిటికీల్లేని గది, నేలకు టేపుతో అంటించిన వైర్లు, ఆగకుండా తిరిగే కంప్యూటర్ ఫ్యాన్ల రొద. అక్కడొక ఆనవాయితీ ఉంది. ఏ ఫలితమైనా బయటపెట్టే ముందు విద్యార్థులంతా కలిసి ఆ యంత్రాన్ని బోల్తా కొట్టించడానికి చూడాలి.

"వైరస్‌కు ఎన్ని వేషాలేసినా పట్టేస్తోంది మేడం!" అని ఒకరి తర్వాత ఒకరు చేతులెత్తేశారు. వదిన ముఖం వెలిగిపోతోంది.

అందరూ 'సందేహాల రాణి' అని ఏడిపించే అమ్మాయి చివర్లో కూర్చుంది. ల్యాబు కంప్యూటర్లు ప్రతి ప్రోగ్రాముకూ తగిలించే గుర్తొకటి ఉంటుందట. దాన్ని తీసి ఒక పాత వైరస్‌కు అతికించింది. తెర మీద పచ్చటి అక్షరాలు వచ్చాయి: మంచిది.

"మేడం, మంచి ప్రోగ్రాములన్నీ మనం ఎక్కణ్ణుంచి తెచ్చాం?"

"మన కంప్యూటర్లలోంచే..." వదిన నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఓరి నాయనో! ఇది దొంగల్ని పట్టడం నేర్చుకోలేదే! మన చొక్కా వేసుకుంటే చాలు, మనవాడే అనుకుంటోంది!"

"ఇంటర్వ్యూ రేపే కదా వదినా!"

"రేపే అమ్మడూ! ఇవాళ దొరికింది, బతికిపోయాం!"

అంతా తలోవైపు పరుగెత్తారు. లైబ్రరీలో, ఆఫీసులో, క్యాంటీన్లో ఎక్కడ కంప్యూటరు కనిపిస్తే అక్కడ మంచి ప్రోగ్రాములు అడిగి తెచ్చారు.

"మా దాంట్లో దొంగలున్నారామ్మా?" అని లైబ్రేరియన్ కంగారుపడ్డాడు.

"లేరండీ, మాకు మంచివాళ్లే కావాలి!"

సాయంత్రానికి యంత్రం మళ్లీ పాఠం నేర్చుకుంది. ఎన్ని సరిగ్గా పట్టిందో చెప్పే మార్కులు మాత్రం బాగా పడిపోయాయి.

మర్నాడు ఇంటర్వ్యూలో భాగమైన వదిన ప్రసంగం ఎవరైనా వినొచ్చన్నారు. నేను పాపతో వెనక వరసలో కూర్చున్నాను. వదిన ముందు యంత్రానికి మొదట వచ్చిన గొప్ప మార్కులు చూపించింది. వెంటనే ఆ చొక్కా వేసుకున్న వైరస్‌నూ చూపించింది.

కమిటీ పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నాడు. "మీ తప్పు మీరే చెప్పుకుంటారేంటమ్మా?"

"నేను చెప్పకపోతే దొంగలు చెబుతారు సార్. వాళ్లు ఇంటర్వ్యూ పెట్టి అడగరు కదా!"

హాలంతా గొల్లుమంది. పెద్దాయన లేచి వచ్చి, "ఏదీ, నన్నూ ఓ చెయ్యి వెయ్యనివ్వండి" అంటూ కీబోర్డు లాక్కున్నాడు. మూడోసారికి యంత్రాన్ని బోల్తా కొట్టించి చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. వదిన అంతకంటే గట్టిగా కొట్టింది.

తర్వాత కమిటీవాళ్లు వదినను కూర్చోబెట్టుకుని, తలుపులేసుకుని చాలాసేపు మాట్లాడారు. వదిన బయటికొస్తూనే పాపను లాక్కుని గిర్రున తిప్పింది. "వచ్చేసింది అమ్మడూ! పోస్టు నాదే! అది సరే, ఆ పెద్దాయన ఎలా మోసం చేశాడో చూశావా? ఏం బుర్రండీ బాబూ!"

మెట్లు దిగుతున్నంతసేపూ చేతులు తిప్పుతూ అదే వివరించింది. అన్నయ్యకు ఫోను చెయ్యాలని గేటు దాటాక గుర్తొచ్చింది.