తారీఖు దిద్దని మధ్యాహ్నం

శనివారం మధ్యాహ్నం మూడూ ఇరవైకి కరెంటు వచ్చింది. పైన ఫ్యాను కిర్రుమంటూ తిరగడం మొదలుపెట్టింది. కంప్యూటరు మీట నేనే నొక్కాను. మా కొండల్లో కరెంటు పోవడం, రావడం ఎవరూ గుర్తుపెట్టుకునే సంగతి కాదు. నాకు మాత్రం ఆ ఒక్క రాక గుర్తుంది. ఇన్నేళ్లుగా దాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా గొప్పకే. బరువు మోసేవాళ్లని చూస్తే ఎవరికైనా జాలి కలుగుతుంది. నేను మోయలేదు. దాచాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లయితే ఓదారుస్తారు. ఓదార్పు అంటే నాకు ఒళ్లు మండుతుంది.

అనంతగిరి దగ్గర ఒక మిషన్ బడిలో టీచరుని. కంప్యూటరు గది కూడా నాకే అప్పగించారు. గది అంటే ఒక బల్ల, ఒక పాత మిషను, టెలిఫోను తీగ. ఇంటర్నెట్ కావలిస్తే ఆ తీగని ఫోనులోంచి తీసి కంప్యూటరుకి తగిలించాలి. మిషను లోపల చిల్లర బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. అది చచ్చిపోయి చాలాకాలమైంది. బడి వాళ్లు కొత్తది కొనలేదు. దాంతో కరెంటు పోయినప్పుడల్లా మిషను తారీఖు మరిచిపోయేది. మళ్లీ వెలిగేసరికి ఏనాటిదో పాత సంవత్సరం చూపించేది. విశాఖ నుంచి వచ్చిన మెకానిక్ నాకు విడమరిచి చెప్పాడు. తాళం బొమ్మ ఉండే సైట్లు, అంటే పరీక్షలవీ సీట్లవీ, తాము అసలువేనని ఒక ధ్రువపత్రం చూపిస్తాయట. దానికి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువు ఉంటుంది. మిషను తన తారీఖుతో దాన్ని సరిచూసుకుంటుంది. తారీఖు వెనక్కి పోయి ఉంటే ఆ పత్రం ఇంకా పుట్టనట్టే. సైటు తెరుచుకోదు. తాళం లేని సైట్లు మాత్రం మామూలుగానే తెరుచుకుంటాయి.

అందుకని మాకు ఒక అలవాటు ఏర్పడింది. గోడకి రోజుకో కాగితం చింపే క్యాలెండరు ఉండేది, ప్రతి కాగితం మీద ఒక బైబిలు వాక్యం. కరెంటు రాగానే ముందు గోడకేసి చూడాలి, మిషనులో తారీఖు దిద్దాలి, ఆ తర్వాతే ఇంటర్నెట్. బడి పిల్లలకి కూడా ఇది నోటికొచ్చు. నేను మరిచిపోతే "టీచరుగారూ, గోడ!" అని అరిచేవారు. శనివారం మధ్యాహ్నం బడిలో పిల్లలు ఉండరు.

ఉన్నది సలోమి. నా చెల్లెలు. అమ్మా నాన్నా పోయేనాటికి చిన్నపిల్ల. నేనే పెంచాను. దాన్ని పెంచడం కోసం నా పై చదువు మానుకున్నాను. ఈ మాట ఊళ్లో వాళ్లు చెబుతుంటే విని తలదించుకునేదాన్ని, వినయంగా. లోపల మాత్రం లెక్క రాసుకుంటూనే ఉన్నాను కాబోలు. లేకపోతే ఆ రోజు నా చెయ్యి ఎందుకు ఆగింది?

తమిళనాడులో ఒక నర్సింగు స్కూల్లో దానికి సీటు వచ్చింది. వస్తానని వాళ్ల సైటులో ఒప్పుకోవాలి. శనివారం సాయంత్రం ఐదు దాకా గడువు. పొద్దుటి నుంచీ కరెంటు లేదు. అది వచ్చీ రాగానే సలోమి పరుగెత్తుకొచ్చింది. రొప్పుతూ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. నడుముకి దోపుకున్న తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. మా ఇంటి తాళానికి రెండు చెవులు. ఒకటి నాది, ఒకటి దానిది.

"ఇది నువ్వే ఉంచీ అక్కా. ఇంక నాకెందుకు?" అంది. నవ్వుతూనే అంది. అందులో తప్పేముంది? వెళ్లబోయే పిల్ల తాళంచెవి ఇచ్చింది, అంతే.

నా కళ్లు అలవాటుగా గోడకేసి వెళ్లాయి. తారీఖు చదివాను. తర్వాత బల్ల మీది తాళంచెవిని చూశాను. మిషనులో తారీఖు దిద్దలేదు.

మరిచిపోయానని మీరు అనుకునేలా ఇది రాయవచ్చు. ఇన్నేళ్లు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. మరుపు ఒక నిమిషం ఉంటుంది. నేను ఐదు దాకా కూర్చున్నాను.

సైటు పేరు కొట్టాను. ఇంగ్లీషులో ఒక హెచ్చరిక పెట్టె వచ్చింది. ధ్రువపత్రం తారీఖు సరిపోవడం లేదు, ముందుకు వెళ్లాలా వద్దా అని అందులో రాసే ఉంది. సలోమి ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతుంది. అది మొదటి ముక్క చదివేలోపు నేను 'నో' నొక్కేశాను.

"ఏటది? ఏటో రాసుంది."

"సర్వర్ దొరకలేదంట."

"మళ్లీ కొట్టు. బేగి కొట్టక్కా."

మళ్లీ కొట్టాను. మళ్లీ పెట్టె. మళ్లీ 'నో'. ఆ తర్వాత నేను చేసినవన్నీ చెబుతాను, ఎందుకంటే నాకు నా మీద అన్నిటికంటే ఎక్కువ అసహ్యం వీటివల్లే. పాత పేజీల గుర్తులు తుడిచాను. మిషను ఆపి వెలిగించాను. టెలిఫోను తీగ పీకి, ఊది, మళ్లీ గుచ్చాను. సైటు పేరు ఒక్కొక్క అక్షరం దానిచేత చదివించి కొట్టాను. ఒక్కటి తప్ప చేయవలసినవన్నీ చేశాను. ఎంత ఓపికగా చేశానంటే అది నా నుదుటి చెమట తన ఓణీతో తుడిచింది.

ఆ పిల్ల తెలివితక్కువది కాదు. "వార్తల సైటు తెరువు సూద్దాం" అంది. తెరిచాను. తెరుచుకుంది. "మరి ఇది వత్తంది గదా? మనదొక్కటే ఎందుకు రాదు?"

సరైన ప్రశ్న అదే. దాని జవాబు గోడ మీద ఉంది, సలోమి వీపు వెనక. నేను ఆ ప్రశ్ననే అబద్ధానికి వాడుకున్నాను. "మిగతావన్నీ వస్తున్నాయంటే మన మిషను బాగున్నట్టేగా. తప్పు వాళ్ల వైపుదే" అన్నాను.

"అరకు ఎల్లనా మరి? జీపు ఉంది. అక్కడ నెట్ సెంటర్లో కొట్టిత్తాను."

జీపు గేటు ముందే ఉంది. డ్రైవరు మనుషుల కోసం కేకలేస్తున్నాడు. నాలుగు కూడా కాలేదు. బయలుదేరితే ఐదులోపు చేరేది.

"వాళ్ల సర్వరే పడిపోతే అరకయినా ఒకటే, విశాఖయినా ఒకటే. దారిలో ఉండగా ఇక్కడ వస్తే? కూర్చో."

కూర్చుంది. జీపు వెళ్లిపోయింది.

ఐదయ్యాక లేచింది. ఏడవలేదు. నన్నే ఓదార్చింది. "నువ్వేటి సేత్తావు అక్కా? సర్వరుగాడు తొంగున్నాడు. మన కొండోళ్లంటే ఆడికి ఎప్పుడూ నిద్రే" అని నవ్వింది. బల్ల మీది తాళంచెవి తీసి మళ్లీ నడుముకి దోపుకుంది. నేను చూస్తూ ఉన్నాను. నాకు కలిగింది సంతోషం. దాన్ని ఇంకో పేరుతో పిలవను. ప్రేమ కొద్దీ చేశానని కూడా అనను. ఆ మాట వెనక దాక్కునేవాళ్లని చాలామందిని చూశాను.

సోమవారం ఫోను చేస్తే సీటు ఇంకొకరికి ఇచ్చేశామన్నారు. మరుసటేడు మళ్లీ రాసింది, రాలేదు. తర్వాత ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తగా చేరింది. జ్వరాలొచ్చిన వాళ్ల వేలు పొడిచి, గాజుపలక మీద రక్తం చుక్క తీసుకుని, కొండలెక్కి దిగేది. మా ఇంట్లో 'సర్వరుగాడు' ఒక మనిషైపోయాడు. అన్నం మాడితే ఆడే. బస్సు తప్పితే ఆడే. వాడి మీద అది తిట్లు కట్టేది, నేను నవ్వేదాన్ని. ఎంతకాలం నవ్వాను! ఒక్కసారైనా గొంతు పట్టుకోలేదే. ఎలాంటి గొంతు నాది?

ఆ పనిలో చేరిన రెండో వానాకాలంలో దానికీ జ్వరమొచ్చింది. మూడోరోజుకి మనిషిని పోల్చుకోలేదు. మెదడుకెక్కిన మలేరియా అన్నారు. మా ఊరి ఆరోగ్య ఉపకేంద్రానికి తాళం వేసి ఉంది. ఘాట్ రోడ్డులో కొండచరియలు విరిగిపడి జీపులు ఆగిపోయాయి. దారి తెరిచేసరికి దానికి ఆసుపత్రితో పని లేకపోయింది. ఆ తాళం వేసినవాళ్ల మీద నాకున్న కోపం చావదు. అయితే ఆ కోపాన్ని నేను గట్టిగా అనలేను. ఏ నోటితో అనేది? నేనూ ఒక తాళం వేసినదాన్నే.

భూస్థాపన దగ్గర మా చర్చి అయ్యగారు ప్రసంగించారు. "ఆనాడు దేవుడు ఆ తలుపు మూశాడు. మన కొండజనానికి సేవ చేయడానికే ఈ బిడ్డని ఇక్కడ ఉంచుకున్నాడు" అన్నారు. జనం ఏడ్చారు. నాకు ఆయన చేతిలోని పుస్తకం లాక్కోవాలనిపించింది. దేవుడు మూయలేదు. ఆయనకి ఆ పని అంటగట్టకండి. మూసింది నేను, 'నో' అని నొక్కి, మళ్లీ మళ్లీ నొక్కి. ఇంత మాట లోపల ఉంది. బయటికి మాత్రం ఆమెన్ అన్నాను. ఆడవాళ్లు నన్ను పట్టుకుని, "తల్లి లెక్క పెంచినావు, నీ రుణం తీర్చుకోకుండానే పోనాది" అన్నారు. ఆ మాటలు చెవిలో పడుతుంటే నా మొహం నేనే గీరుకోవాలనిపించింది. వాళ్లు అది దుఃఖమనుకున్నారు.

వెళ్లి ఉంటే బతికేదా? తెలియదు. అక్కడా జ్వరాలుంటాయి, రోడ్లుంటాయి. ఈ ప్రశ్న వేసుకుని కొంత తేలికపడదామని చాలాసార్లు చూశాను. ఇది తప్పించుకునే దారి. వెళ్లడం, మానడం దాని ఇష్టం. ఆ ఇష్టాన్ని నేను దొంగిలించాను. చావు తర్వాత సంగతి. చావు లేకపోయినా ఇది ఇంతే.

ఈ ఏడు బడికి కొత్త మిషన్లు వచ్చాయి. మొన్న సైన్సు టీచరు పిలిచింది, ఏదో సైటు తెరుచుకోవడం లేదు చూడమని. నేను వెళ్లి ముందు తారీఖు చూశాను. సరిగ్గానే ఉంది. అయినా మళ్లీ ఒకసారి చూశాను. "పేరులో ఒక అక్షరం తప్పు కొట్టానండీ, వచ్చేసింది" అని ఆమె నవ్వింది. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఇది రాయాలని అప్పుడే అనుకున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. అయ్యగారి చేతిలోనూ లేదు. ఎవరి చేతిలో ఉండేదో ఆ పిల్ల జరిగింది తెలుసుకోకుండానే పోయింది, సర్వరుగాణ్ణి తిట్టుకుంటూ. రాసేశాను. ఇందాకటి కంటే ఊపిరి కొంచెం ఆడుతోంది. దానికీ నాకు కోపమే వస్తోంది.

కొత్త మిషన్లలో తారీఖు చెక్కుచెదరదు. ఇప్పుడు కరెంటు వచ్చాక మా గదిలో ఎవరూ గోడకేసి చూడరు.