వెనక నెత్తికి ఖిజాబు

నెలకోసారి మా బాత్రూంలో ముక్కు పొడిచే వాసన లేస్తుంది. జుట్టుకు వేసే రంగు వాసన అది. తుర్కయాంజాల్‌లో మా అపార్ట్‌మెంటు అద్దం ముందు నిలబడి, చేతికి ప్లాస్టిక్ తొడుగులు వేసుకుని, చిన్న బ్రష్షుతో నా నెత్తికి నేనే రంగు పూసుకుంటాను. ‘గీ వయసుల ఎవలకు చూపిద్దామని అత్తమ్మా’ అంటుంది కోడలు. ఎవరికీ కాదు తల్లీ, ఈ అద్దానికి. ఈ సోకు నాకు మా నాయినమ్మ నుంచి వచ్చింది. ఆమె వేసుకునే రంగుకు, ఖిజాబుకు మాత్రం ఇంత ఘాటు ఉండేది కాదు. తడిసిన మైదాకు, పుల్ల మజ్జిగ, ఇనుప మూకుడు, మూడూ కలిసిన పచ్చి వాసన వచ్చేది.

ఇబ్రహీంపట్నంలో మా ఇంటి వెనక, మా కొట్టానికీ దర్జీ మదార్ సాబ్ ఇంటికీ నడుమ ఒక కంప దడి, ఆ దడిలో మనిషి దూరేంత సందు ఉండేవి. మా ఇంటి సజ్జ రొట్టెలు ఆ సందులోంచే అటు పోయేవి, పీర్ల పండుగకు వాళ్లింటి మలీద ముద్దలు ఆ సందులోంచే ఇటు వచ్చేవి, మదార్ సాబ్ భార్య ఖాసింబీ అయితే పొద్దుగూకేదాకా అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది. నాయినమ్మకు చిన్న వయసులోనే తల నెరిసింది. ఆ సంగతి ఊళ్లో ఖాసింబీకి తప్ప ఎవరికీ తెలియదు. ఖాసింబీదీ అదే కథ.

ఇద్దరూ కలిసి ముందురోజే మైదాకు నూరి, పుల్ల మజ్జిగ పోసి మూకుట్లో నానబెట్టేవాళ్లు. మర్నాడు మగవాళ్లు చేలకు పోయాక తలలకు పట్టించి, పైన ఆముదపు ఆకులు కప్పి, పాత గుడ్డతో కట్టుకుని, కొట్టంలో చింతపండు గింజలు తీస్తూ కూర్చునేవాళ్లు. పక్కన నేను ఓమనగుంటలు ఆడుకునేదాన్ని. కడిగితే తెల్ల వెంట్రుకలు ఎర్రబడేవి. అప్పుడు గోరువెచ్చని నీళ్లలో నీలాకు పొడి కలిపి మళ్లీ పూస్తే, ఆ ఎరుపు నల్లగా మారేది. ముందు నెత్తి ఎవరిది వాళ్లే పూసుకోవాలి, వెనక నెత్తి ఒకరికొకరు. ‘నీ ఎనక నెత్తి నీకు గనబడ్తదా అక్కా? జర వంగు’ అనేది ఖాసింబీ.

మదార్ సాబ్‌కు ఈ నలుపు గొడవ లేదు. గడ్డానికి ఒట్టి మైదాకే పెట్టేవాడు. మేం ఎర్రగడ్డం తాత అని పిలిచి పారిపోతే కత్తెర టకటకలాడిస్తూ వెంటపడేవాడు, దొరికితే పేలికలతో బొమ్మకు లంగా కుట్టిచ్చేవాడు. రజాకార్లు వస్తున్నారని తెలిసినప్పుడల్లా మేం ఆముదం చేలల్లో దాక్కునేవాళ్లం. ఆయన మా గడప మీద కూర్చుని, ‘ఈ ఇంట్ల ఎవరు లేరు’ అని వచ్చినవాళ్లకు ఉర్దూలో చెప్పి పంపేవాడు.

ఆ రోజుల్లో పట్నం దారులు బంద్. నీలాకు పొడి పట్నంలో తప్ప దొరకదు. నాయినమ్మ దగ్గర ఒక్క చిన్న మూటే మిగిలింది. దాన్ని మా చిన్నబాపు పెళ్లి కోసం, నలుగురిలో నల్లటి నెత్తితో నిలబడడం కోసం, ఉట్టి మీద దాచుకుంది.

పోలీసు చర్య జరిగింది. సీతాఫలాలు కండ్లు విప్పే కాలం. నిజాం రాజ్యం పోయిందని ఊరంతా సంబరపడింది, మేమూ పడ్డాం. కొద్దిరోజులకే చుట్టుపక్కల ఊళ్లలో తురకల ఇళ్ల మీద పడుతున్నారని, మనుషులను చంపుతున్నారని కబుర్లు వచ్చాయి. మదార్ సాబ్ ఎర్రగడ్డం చూస్తే తురకాయన అని ఆమడ దూరం నుంచే తెలిసిపోయేది. తీసెయ్యమని బాపు బతిమాలాడు.

‘పాణం వోయినా సరే, గడ్డం దియ్య’ అన్నాడాయన.

నాయినమ్మ లేచి ఉట్టి మీది మూట దించింది.

‘పెండ్లికని దాసుకుంటివి గదనే అమ్మా’ అన్నాడు బాపు.

‘పెండ్లి నాదా? పొయ్యి బండి కట్టేది సూడు’ అంది.

ఎర్రగా ఉన్న గడ్డానికి ఇక నీలాకు ఒక్కటే చాలు. పొడంతా కలిపి పూసి, ఆముదపు ఆకు చుట్టి, పంటి నొప్పి వచ్చినవాడికి కట్టినట్టు తల చుట్టూ గుడ్డ కట్టింది. కడిగాక చూస్తే గడ్డం పాచి పట్టిన రాయిలా ఆకుపచ్చగా ఉంది. ఖాసింబీ కొంగు తడిపి తుడవబోయింది.

‘నా నెత్తి గూడ ముందుగాల గట్లనే ఉంటది గద. తెల్లారేసరికి నల్లగైతది. ఫికర్ జెయ్యకు’ అంది నాయినమ్మ. ఆమెకూ భయంగానే ఉందని నాకు తెలిసిపోయింది. నా చెయ్యి వదల్లేదు మరి.

తెల్లారేసరికి నల్లబడింది. మా తాత ధోవతి, రుమాలు, భుజాన గొంగడి వేసి మదార్ సాబ్‌ను, నాయినమ్మ చీర కట్టి ఖాసింబీని బండెక్కించారు. బాపు తోలాడు. తుర్కయాంజాల్ దగ్గర కర్రలు పట్టుకున్నవాళ్లు ఆపి, ముసలాయన గడ్డం పైకెత్తి చూశారట. ‘మా మామ. దవాఖానకు దీస్కవోతున్న’ అన్నాడట బాపు. వాళ్లు పొమ్మన్నారు. ఇద్దరూ పట్నం చేరారు.

మళ్లీ ఊరికి రాలేదు. చిన్నబాపు పెళ్లిలో నాయినమ్మ తల కుదుళ్ల దగ్గర తెలుపు, నడుమ వెలిసిన ఎరుపు, చివర్న నలుపు. ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆమె కొంగు కప్పుకోలేదు. తర్వాత ఎప్పుడో పట్నం నుంచి ఎవరితోనో ఖాసింబీ నీలాకు పొడి పంపింది, దర్జీ పేలికలో కట్టి. నాయినమ్మ వాసన చూసి గూట్లో పెట్టింది. నేను పూస్తానన్నాను.

‘నువ్వు పూస్తవ్ బిడ్డా. నీ నెత్తి నల్లగున్నది. నీకు నేనేం పూస్త?’ అంది.

ఆ మూట అట్లాగే ఉండిపోయింది. దడి లేదు, కొట్టం లేదు, ఆముదం చేలన్నీ ప్లాట్లయ్యాయి. బాపు బండిని ఆపిన చోటు ఏదో నాకు తెలియదు గానీ, ఈ రోడ్డు మీదే ఎక్కడో ఉండాలి, ఇప్పుడు షేర్ ఆటోలు ఆగుతున్న చోట.

ఈసారి తల కడుక్కుని వస్తే కోడలు ఊరుకోలేదు. ‘ఎనకంత తెల్లగనే ఉంది అత్తమ్మా. నన్ను పిలువొచ్చు గద’ అంటూ బ్రష్షు తీసుకుంది. అప్పుడు చూశాను, ఆమె పాపిట కూడా తెల్లబడింది. నేనే ఇన్నాళ్లూ పట్టించుకోలేదు.

బ్రష్షు ఆమె చేతిలోంచి తీసుకున్నాను.

‘ముందుగాల నువ్వు వంగు’ అన్నాను.