పొడంపేటకి ఉత్తరాలు మోసిన దేముడు

ఇరవై ఆరేళ్లపాటు దేముడు హుమ్మ పోస్టాఫీసు నుంచి సైకిలు మీద పొడంపేటకి ఉత్తరాలు మోశాడు. సముద్రం ఒడ్డున జాలర్ల ఊరది. ఫోన్లు లేని రోజుల్లో, వలస వెళ్లిన మగవాళ్లు రాసిన ఉత్తరాలు ఆయనే చదివి వినిపించేవాడు. చెడ్డ కబురైతే గుమ్మంలో నిలబడి చెప్పేవాడు కాదు. మంచినీళ్లు అడిగి, అరుగు మీద కూర్చుని, అప్పుడు కవరు చింపేవాడు.

నిరుడు సెప్టెంబరులో, తుఫాను తీరం దాటిన మర్నాడు బయల్దేరుతుంటే భార్య కుమారి ఆపింది.

"గాలింకా తగ్గనేదు. రేపెల్తే ఏటవుద్ది?"

"పొడంపేట దానమ్మ మనవరాలు దివ్యశ్రీకి నర్సింగు సీటు కాగితం వచ్చిందే. బరంపురంలో రేపే చేరాల. బేగి ఎల్లొచ్చేస్తాను."

పొడంపేట ముందర సరుగుడు తోటలో, వేళ్లు కదిలిన చెట్టొకటి ఆయన మీద పడింది. జాలర్లు పరుగెత్తుకొచ్చేసరికే ప్రాణం పోయింది.

మధ్యాహ్నం దానమ్మ హుమ్మకి వచ్చింది. విషయమేమీ ఎత్తకుండా, "కుమారీ, గుక్కెడు మంచినీల్లియ్యమ్మా" అని అరుగు మీద కూలబడింది. కుమారికి అర్థమైపోయింది. చెంబు చేతిలోనే ఉండిపోయింది.

దేముడి సంచిలోని ఉత్తరాలను పోస్టుమాస్టరు లక్ష్మణరావు ఆ సాయంత్రమే తీసుకెళ్లి పంచాడు. దివ్యశ్రీ మర్నాడు కాలేజీలో చేరింది.

అక్టోబరులో, తపాలా దినం నాడు, పనిలో ఉండగా చనిపోయినవాళ్లను తలుచుకుంటూ బరంపురంలో సభ పెట్టారు. దేముడి పేరు చదివినప్పుడు అందరూ లేచి నిలబడ్డారు. కుమారికి శాలువా కప్పి, రెండు మాటలు చెప్పమన్నారు. ఆమె మైకు దగ్గరికి వెళ్లింది.

"ఆయన పేరు పిలిసినారు, సంతోషం బాబూ. ఆయన పోయినకాడ్నుంచి పొడంపేటోల్లు ఉత్తరాల కోసం హుమ్మకి నడిసొస్తన్నారు. అందులో ముసిలోల్లున్నారు. బేగి ఒక మనిసిని ఎయ్యండి. నానడిగేది అదొక్కటే."

దీపావళి వెళ్లాక వాసవీకుమారి అనే అమ్మాయి ఆ పనిలో చేరింది. ఆమెకు దారి తెలియదు. మొదటిరోజు కుమారి తనే వెంట వెళ్లింది. సరుగుడు తోట దగ్గర ఒక్క నిమిషం ఆగి, కొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ నడిచింది.

"ఇది లోకనాథ్ తాత ఇల్లమ్మా. ఆయనకి సెవుడు. బయట్నుంచి పిలిస్తే పలకడు. లోనికెల్లి బుజం తట్టు."

వాసవీకుమారి చెప్పులు విప్పి లోపలికి వెళ్లింది.