అవ్వ బిందె, కర్ణుడి కవచం

మొన్న కుప్పంలో, గృహప్రవేశానికి ఇవ్వడానికని ఒక స్టీలు బిందె కొన్నాను. అంగడాయన చుక్కలు పొడిచే మిషను చేతికి తీసుకుని, "ఎవరి పేరు కొట్టేదమ్మా?" అన్నాడు. నాకు పుంగనూరు మామ ఎదమీద చుక్కచుక్కలుగా ఉన్న పేరు గుర్తొచ్చింది.

మామది గేట్లూ గ్రిల్లులూ చేసే షెడ్డు. ఏటా ఊళ్ళో ఆడే భారతం నాటకంలో కర్ణుడి వేషం ఆయనదే. ఒక ఏడు అట్ట కవచం వానకు నాని ముద్దయిపోయింది. మదనపల్లె నుంచి ప్లాస్టిక్‌ది బాడుగకు తెచ్చుకొమ్మనీ, లేకుంటే వేషం ఇంకొకరికి ఇచ్చేస్తామనీ ఊరి పెద్దలన్నారు. మామకు ఒళ్ళు మండింది. "పుట్టుకతో వచ్చిన కవచాన్ని యాడన్నా బాడుగకు తెస్తారేందప్పా? నేనే చేస్తా, స్టీలుతో" అన్నాడు.

ఇక ఉడుంపట్టే. ఇసుకమూట మీద రేకు పెట్టి పొద్దస్తమానం సుత్తితో కొట్టేవాడు. స్టీలుకు ఒక పెంకెతనం ఉంది, కొట్టేకొద్దీ బిగుసుకుంటుంది. మామా అంతే కాబట్టి ఇద్దరికీ పొసగలేదు. ఎదకు కావలసిన వంపు రాకముందే రేకు చీలిపోయేది. మూడు రేకులు పాడయ్యేసరికి నాటకం ఎల్లుండికొచ్చింది. ఆదివారం చూడబోయిన నేను ప్లాస్టిక్‌దే తెస్తానంటే, మామ నాతో మాట్లాడటం మానేశాడు.

అప్పుడు అవ్వ, మామ తల్లి, తన బిందెలో నీళ్ళు పారబోసి తెచ్చింది. "వంపు దీంట్లోనే ఉండాది గదరా. కోసుకో" అంది. ఆ ఇంట్లోకి వచ్చిన మొదటి స్టీలు సామాను అది. బిందె మెడకింద చుక్కలతో ఆమె పేరు. కోడళ్ళను కూడా తాకనిచ్చేది కాదు. మామ దాన్ని నిలువునా కోశాడు. సగం ఎదకు, సగం వీపుకు సరిపోయింది.

"పాలిష్‌లో పేరు అరగదియ్‌రా. కర్ణుడి ఎదన నా పేరేంది?" అంది అవ్వ.

"ఉండనీమ్మా. కవచం తల్లి కాడ్నించి వచ్చిందే గదా" అన్నాడు మామ.

నాటకంలో ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి కవచం అడిగాడు. ఏటా చటుక్కున ఇచ్చేసే మామ, కవచం కట్టిన తోలుపట్టీలు కోసి, పేరుమీద అరచెయ్యి పెట్టి నిలబడిపోయాడు. మామ పద్యం కోసం హార్మోనియం రెండుసార్లు ఎత్తుకుంది. ముందు వరసలోంచి అవ్వ, "ఇచ్చెయ్ నాయనా. మాటిచ్చినావు గదా" అంది. ఇచ్చేశాడు. నాకు ఏడుపు ఆగలేదు.

అవ్వ ఇప్పుడు లేదు. మోకాళ్ళ నొప్పులతో మామ వేషం మానేశాడు. కవచం మాత్రం ఏ ఏడు ఎవరు కర్ణుడైతే వాళ్ళు కట్టుకుంటున్నారు. అంగడాయనకు కొత్త ఇంటామె పేరు చెప్పి, బిందె తీసుకుని వచ్చేశాను. కాలం ఏ వేషంలో వచ్చి అడిగినా చివరికి ఇవ్వక తప్పదు. పేరుమీద కాసేపు చెయ్యి పెట్టుకోవడం ఒక్కటే మన చేతిలో ఉంది.