లాకు గోడ మీద చుక్కలు

“బిడ్డ తగ్గిపోతోంది పోలయ్యా! నిన్నటికంటే మూడు ఔన్సులు తక్కువ. ఇక నాకు దక్కదేమో.”

ఇంట్లో ఎవరితోనూ అనని మాట కాలువ లాకు కాపలా కాసే లస్కరు ముందు అనేశాను. తలుపు మరకు ఆముదం పూస్తున్న పోలయ్య తల ఎత్తకుండానే అడిగాడు.

“ఇవాళ ఏం పాలు పట్టారు అమ్మగారూ?”

“మేకపాలు.”

“నిన్న?”

“ఆవుపాలు. బార్లీ నీళ్లు కలిపి.”

“మొన్న?”

నాకు గుర్తు రాలేదు.

అది 1941. మా వారు దివిసీమ కాలువ మీద ఓవర్సీరు. లాకు పక్కనే మా క్వార్టర్సు. పాపకు నాలుగో నెల. నా పాలు చాలక పోతపాలు మొదలుపెట్టాం. నెల రోజులుగా దాని బరువు పన్నెండు పౌన్ల దగ్గరే ఊగుతోంది. జబ్బేమీ లేదు, ఒకే పాలు పట్టండని బందరులో డాక్టరమ్మ చెప్పింది. నేను మద్రాసులో ఫిజిక్సు చదివినదాన్ని. రోజూ పొద్దున్నే పాపను ఉయ్యాలగుడ్డలో కొక్కెం కాటాకు తగిలించి తూచేదాన్ని. తగ్గితే పాలు మార్చేదాన్ని. పెరిగితే ఇంకా పెరగాలని మార్చేదాన్ని. ఆ రోజు డబ్బాపాలకు కబురు పెట్టబోతున్నాను.

పోలయ్య నన్ను లాకు గదిలోకి తీసుకెళ్లాడు. అతను హంసలదీవి మనిషి, అక్షరం రాదు. సున్నం గోడ మీద ఈ చివర నుంచి ఆ చివరిదాకా బొగ్గు చుక్కలు. రోజుకొకటి, పొద్దుటి నీటిమట్టానికి గుర్తు. చుక్కలకు పైనొకటి, కిందొకటి జేగురు గీతలు, నడుమ సన్నగా ఇంకొకటి.

“కొత్తలో నేనూ మీలాగే తిరిగానమ్మా. అంగుళం ఎక్కితే తలుపెత్తడం, అంగుళం తగ్గితే దించడం. కింద చేలు ఒకనాడు మునక, ఒకనాడు ఎండు. ఒక రైతు తన కుక్కకి నా పేరు పెట్టుకున్నాడు.”

“మరి నీళ్లెందుకు అలా ఊగుతాయి?”

“గాలికో అంగుళం. గేదెలు దిగితే అరంగుళం. ప్రతిదానికీ తలుపు తిప్పితే ఊపు పెరుగుద్ది. అందుకని ఒక పంటకాలం చేతులు కట్టుకుని చుక్కలు పెట్టా. ఎంతలో ఊగాయో చూసి గీతలు గీశా. లోపలుంటే ముట్టను. దాటితే మాత్రం గట్టెంట పరిగెడతా. ఎవడో గండి కొట్టుంటాడు.”

కర్మాగారాల్లో బోల్టుల కొలతలకు ఇలాంటి పటమే గీస్తారని, ఎప్పుడూ ఉండే ఊగిసలాట నుంచి కొత్తగా వచ్చిన మార్పును అది విడదీస్తుందని ఒక పత్రికలో చదివాను. కన్నబిడ్డ దగ్గర ఆ చదువు గుర్తు రాలేదు.

నా నోటుపుస్తకంలోని బరువులన్నీ ఆ గోడ మీదే ఒక మూల చుక్కలుగా పెట్టి, పైనా కిందా గీతలు, నడుమ సగటుకు ఇంకొకటి గీశాను. ఆనాటి చుక్క కూడా లోపలే పడింది.

“ఆవుపాలతో ఉండండమ్మా. కింది గీత దాటిందా, నేనే పడవ కట్టి బందరు తీసుకెళ్తా” అన్నాడు.

ఆవుపాలు, అదే కొలత, అదే వేళ. కాటాను లాకు గదిలోనే వేలాడదీసి, రోజూ పొద్దున్నే పాపను అక్కడ తూచి నేను బరువు చెప్తే పోలయ్య చుక్క పెట్టేవాడు. ఊరికే కూర్చోవడం అంత కష్టమని నాకు తెలియదు. రెండుసార్లు మేకపాలకు మనిషిని పంపి, వెనక్కి పిలిచాను. “ఒకే పాలని నేను అరిచి చెప్తే చెవినపెట్టలేదు, లస్కరు చెప్తే వేదం” అని మా అత్తగారు కామేశ్వరమ్మగారు సాధించారు.

మూడో వారంలో ఒక పొద్దున, చుక్క పెట్టి పోలయ్య అక్కడే నిలబడిపోయాడు. ఏ చుక్కా గీత దాటలేదు.

“ఏమైంది?” అన్నాను.

లాకు మరలో ఒక వేలు పోగొట్టుకున్నవాడు, మిగిలిన తొమ్మిదింటిలో ఒక్కొక్కటే మడిచాడు. “ఎనిమిది. వరసగా ఎనిమిదీ నడిమి గీతకి పైనే. గాలైతే కిందా మీదా పడతాయమ్మా. ఇది గాలి కాదు. పాప ఎక్కుతోంది.”

గోడకు ఆనుకుని ఏడ్చేశాను. అతను పాప బుగ్గ నిమిరి, “మీ అమ్మ కాలవ నింపేట్టుందే” అని దానితో చెప్పాడు.

ఇప్పుడు మా రెండోవాడికి మూడో నెల. పోలయ్య పని మానుకుని హంసలదీవి వెళ్లిపోయాడు. ఆ ఎనిమిదో చుక్క పడ్డ రోజు కాటాను దించి నా చేతికిస్తూ అతను చెప్పినట్టే చేస్తున్నాను.

“వారానికోసారి తూచండమ్మా, చాలు. మధ్యలో బరువు చూడాలనిపిస్తే ఊరికే ఎత్తుకోండి.”